సభలో గ్రూప్ ఫొటో: వెనక వరుస ముఖం కూడా కనిపించేలా

(సంఘం యువజన శిబిరంలో ఫొటో బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన అంశం చిన్నది. హాల్ లోపల, సభ జరిగినప్పుడు, యాభై అరవై మందిని ఒకచోట చేర్చి గ్రూప్ ఫొటో ఎలా తీయాలి అని. మాకన్నా ముందు మాట్లాడినవాళ్లు భూమి గురించి, భాష గురించి చెప్పారు. వాటి తర్వాత ఫొటో గురించి గంట మాట్లాడతారా అని ఇందాక ఒక తమ్ముడు నవ్వాడు. నవ్వనివ్వండి. ఆ తమ్ముడి చేతిలోనే మంచి ఫోన్ ఉంది, పని అతనికే అప్పజెప్పబోతున్నాం.

ముందు ఈ పని మనకెందుకు అన్నది చెప్తాం. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషు ప్రభుత్వం వాళ్లు ఇండియా ప్రజల ఫొటోలతో ఎనిమిది సంపుటాలు అచ్చు వేయించారు. 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని పేరు. అందులో మనలాంటి వాళ్లను నిలబెట్టి, కూర్చోబెట్టి తీసిన బొమ్మలున్నాయి. చాలా బొమ్మల కింద మనిషి పేరు ఉండదు, జాతి పేరే ఉంటుంది. ఆ తర్వాత మన దగ్గరికి హైమెండార్ఫ్ వచ్చారు. 1940 దశకంలో ఆదిలాబాద్ గోండుల మధ్య, నల్లమల చెంచుల మధ్య, గోదావరి పక్క కొండరెడ్ల మధ్య తిరిగి వేల ఫొటోలు తీశారు. మార్లవాయిలో ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు, ఆయన చేసిన మేలు మనం కాదనలేం. ఆ ఫొటోలు ఇప్పుడు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే లండన్ దాచిన బొమ్మ చూడాలి.

ఇప్పుడు కెమెరా మన చేతిలోనే ఉంది. మరి మనం తీస్తున్న ఫొటోలు ఎలా ఉన్నాయి? మన సంఘం పాత సంచికలు, వాట్సాప్ గ్రూపులు తిప్పి చూడండి. మధ్యలో శాలువాలు కప్పుకున్న అతిథులు తెల్లగా వెలుగుతుంటారు. రెండో వరుసలో సగం ముఖాలు. మూడో వరుసలో నల్లటి నీడలు, కళ్లు, పళ్లు. చివర్లో డోలు పట్టుకున్న మనిషి డోలు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. కింద "కార్యక్రమంలో పాల్గొన్న ఆదివాసీలు" అని రాసి ఉంటుంది. నూటయాభై ఏళ్ల కింద ఎవరో పేరు రాయలేదని బాధపడేవాళ్లం, మనమూ అదే రాస్తున్నాం.

గుస్సాడి గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. 2024లో నాలుగు నెలల తేడాలో ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు అందరికీ తెలుసు. వాళ్లతో కలిసి ఆడినవాళ్లు, పక్కన వాయించినవాళ్లు ఎవరో మీలో ఎంతమంది చెప్పగలరు? గ్రూప్ ఫొటో ఉండేది అందుకే. ఒక్కడి ఫొటో ఎవరైనా తీస్తారు.

సరే, పనిలోకి వద్దాం.

మొదటి పని లెక్క. ఎంతమంది ఉన్నారు, ఎన్ని వరుసలు, ఎంత వెడల్పు అన్నది. మనిషి ఎదురుగా భుజాలు చాపి నిలబడితే రెండు అడుగులు తీసుకుంటాడు. ఒక భుజం ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి కొంచెం పక్కకు తిరిగితే అడుగుంపావు, అడుగున్నర చాలు. అందుకే పెద్ద గ్రూపులో అందరినీ మధ్యకు తిరిగి నిలబడమంటాం. ఎడమవైపు వాళ్లు కుడికి, కుడివైపు వాళ్లు ఎడమకు, ముఖం మాత్రం కెమెరాకు. అరవై మంది ఉన్నారనుకోండి. కింద చాప మీద పిల్లలు పన్నెండు మంది, కుర్చీల్లో పెద్దలు పద్నాలుగు మంది, వాళ్ల వెనక నిలబడి పదిహేడు మంది, ఆ వెనక బల్లల మీద పదిహేడు మంది. సరిగ్గా అరవై. నిలబడ్డ వరుస వెడల్పు ఇరవై రెండు అడుగుల లోపే వస్తుంది. కుర్చీల వరుసను ఒకదానికొకటి ఆనించి వేస్తే అదీ అంతే వస్తుంది. టెంట్ హౌస్ వాళ్లు వేసినట్టు కుర్చీకి కుర్చీకి జానెడు ఖాళీ వదిలితే లెక్క చెడుతుంది.

ఎత్తులు కూడా ఇలాగే చూసుకోవాలి. చాప మీద కూర్చున్న పిల్లాడి తల రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. కుర్చీలో మనిషిది నాలుగు అడుగులు. నిలబడితే ఐదు, ఐదున్నర. అడుగున్నర బల్ల ఎక్కితే ఏడు దగ్గరికి వస్తుంది. వరుసకు వరుసకు అడుగు, అడుగున్నర తేడా ఉంటే ఎవరి ముఖమూ దాగదు. ఈ తేడా లేకుండా నాలుగు వరుసలు నేల మీదే నిలబెడితే లైట్లు ఎన్ని పెట్టినా లాభం లేదు, వెనక వాళ్ల నుదుళ్లే పడతాయి. చాలామంది చేసేది ఇంకొకటి ఉంది. వేదిక మూడు అడుగుల ఎత్తుంటే ఒక వరుస వేదిక మీద, ఒక వరుస కింద నిలబెడతారు. అప్పుడు కింద తలలకు, పైన నడుములకు మధ్య పెద్ద ఖాళీ పడి, రెండు ఫొటోలు అతికించినట్టుంటుంది. వేదికను వదిలేసి దాని ముందు నేల మీదే బల్లలతో మెట్లు కట్టుకోవడం మంచిది.

బల్ల అన్నామని ప్లాస్టిక్ కుర్చీ ఎక్కించకండి. దాని కాళ్లు ఒరుగుతాయి. చెక్క బల్ల గానీ, బడిలో ఇనుప బెంచీ గానీ తెచ్చి, ముందు మీరే ఎక్కి తొక్కి చూడండి. దాని మీదికి వయసులో ఉన్నవాళ్లనే పంపండి, అవ్వలను, తాతలను కాదు.

కెమెరా ఎంత దూరంలో ఉండాలి అని అడుగుతారు. దీనికి ఒక సులువైన కొలత ఉంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 35 ఎంఎం లెన్స్ పెడితే, ఎంత దూరంలో నిలబడితే దాదాపు అంత వెడల్పు పడుతుంది. ఇరవై రెండు అడుగుల వరుస పట్టాలంటే అంచులకు ఖాళీ కలుపుకొని ఇరవై ఐదు అడుగులు వెనక్కి పోవాలి. చిన్న సెన్సర్ ఉన్న మామూలు డీఎస్ఎల్ఆర్ అయితే 24 ఎంఎం దగ్గర అదే లెక్క. హాల్లో అంత చోటు లేదని 16, 18 ఎంఎం వైడ్ పెట్టి దగ్గర నుంచి తీస్తే అంచుల్లో ఉన్నవాళ్ల తలలు, భుజాలు అడ్డంగా సాగుతాయి. ఫోన్‌లో 0.5 నొక్కినా ఇదే జరుగుతుంది. చోటు లేకపోతే కుర్చీలు తీయించండి, తలుపు తెరిచి గడప అవతల నుంచి తీయండి, ఒక వరుస పెంచి వెడల్పు తగ్గించండి. మనిషి ముఖాన్ని మాత్రం సాగదీయొద్దు.

వరుసలు తిన్నగా గీత గీసినట్టు కాకుండా చివర్లు కొంచెం ముందుకు, విల్లులా వంచండి. అంచులో ఉన్నవాడు కూడా కెమెరాకు, లైటుకు దాదాపు అంతే దూరంలో ఉంటాడు. కెమెరా నిలబడ్డవాళ్ల కంటి ఎత్తులో గానీ, ఇంకొంచెం పైన గానీ ఉండాలి. స్టూలు ఎక్కి తీయండి, పక్కన ఒకరు స్టూలు పట్టుకోవాలి.

ఇక వెలుగు. అసలు కష్టం ఇక్కడే, ఎక్కువసేపు దీని మీదే మాట్లాడతాం.

వెలుగు దూరం పోయేకొద్దీ తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎంత తగ్గుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మన నాలుగు వరుసల లోతు ఆరు అడుగులు అనుకోండి. ముందు వరుసకు ఆరు అడుగుల దూరంలో ఫ్లాష్ పెడితే, వెనక వరుస దానికి పన్నెండు అడుగుల దూరంలో ఉంది. వాళ్లకు అందేది నాలుగో వంతు. ముందు కూర్చున్న అతిథి తెల్లగా, వెనక మనవాళ్లు నల్లగా పడటానికి కారణం ఇదే. ఒంటి రంగు కాదు. అదే ఫ్లాష్‌ను పద్దెనిమిది అడుగుల దూరం లాగండి. వెనక వరుస ఇప్పుడు ఇరవై నాలుగు అడుగుల్లో ఉంది. వాళ్లకు ముందు వరుసకు అందినదాంట్లో సగానికి పైగానే అందుతుంది. లైటును ఎత్తుగా పెట్టి, వెనక వరుస వైపు గురి చూపితే ఆ మిగిలిన తేడా కూడా చాలావరకు పోతుంది, ఎందుకంటే ముందు వాళ్లకు వెలుగు అంచు తగులుతుంది, వెనక వాళ్లకు నడిమి వెలుగు తగులుతుంది.

అయితే దీనికి ఖర్చుంది. ఆరు అడుగుల నుంచి పద్దెనిమిది అడుగులకు పోతే ముందు వరుస మీద పడే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఫ్లాష్ బలం పెంచాలి, లేదా ఐఎస్ఓ పెంచాలి. ఇప్పటి కెమెరాలు ఐఎస్ఓ 800, 1600 దగ్గర బాగానే తీస్తాయి, భయపడకండి. కొంచెం గరుకు వచ్చినా ముఖం కనిపిస్తే చాలు.

రెండు లైట్లుంటే కెమెరాకు రెండు వైపులా, మరీ పక్కకు పోకుండా, తొమ్మిది పది అడుగుల ఎత్తులో నిలబెట్టండి. ఒక్క మనిషిని తీసేటప్పుడు లైటు బాగా పక్కకు పెడితే ముఖానికి అందం వస్తుంది. గ్రూపులో అలా పెడితే ఒకరి తల నీడ పక్కవారి చెంప మీద పడుతుంది. ఎత్తులో పెడితే నీడ కిందికి, వెనక వాళ్ల ఛాతీ మీదికి దిగుతుంది, ముఖం మీదికి రాదు. ఎడమ లైటును కుడి చివరి మనిషి వైపు, కుడి లైటును ఎడమ చివరి మనిషి వైపు చూపండి. రెండు వెలుగులూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి, వరుస పొడుగునా సమంగా పడుతుంది. లైటుకు తెల్ల గొడుగు తగిలిస్తే వెలుగు మెత్తబడుతుంది. స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచి గానీ, నీళ్ల క్యాన్ గానీ పెట్టండి. హాల్లో పిల్లలు పరుగెత్తుతారు.

ఒక్క ఫ్లాషే ఉందా? కెమెరా మీదే ఉందా? అప్పుడు దాని తలను వెనక్కి తిప్పి, మీ వీపు వెనక తెల్ల గోడ ఉంటే ఆ గోడ మీదికి, కొంచెం పైకి కొట్టండి. గోడ మొత్తం ఒక పెద్ద లైటు అయిపోతుంది. గోడ ఆరేడు అడుగుల్లో ఉండాలి, తెల్లగా ఉండాలి. తెల్ల స్లాబు తక్కువ ఎత్తులో ఉంటే పైకి కొట్టొచ్చు. ఫంక్షన్ హాళ్లలో వేసే ఎర్ర, బంగారు రంగు ఫాల్స్ సీలింగ్ మీదికి మాత్రం కొట్టొద్దు, ఆ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది.

ఫ్లాషే లేదు, ఫోన్ ఒక్కటే ఉంది అంటే కూడా దారి ఉంది. మనలో ఎక్కువమంది పరిస్థితి అదే. ఆశ్రమ పాఠశాల భోజనశాల లాంటి చోట ఒకవైపు కిటికీలు, పెద్ద తలుపులు ఉంటాయి. గ్రూపును కిటికీలకు ఎదురుగా నిలబెట్టి, మీరు కిటికీలకు వీపు పెట్టి తీయండి. జనం అలవాటుగా వేదిక వైపు పోతారు, ఫ్లెక్సీ కనిపించాలని. ఫ్లెక్సీని ఇవతలికి తెచ్చి కట్టించండి. పగటి పూట కిటికీ వెలుగు ఏ ఫ్లాష్‌కూ తీసిపోదు. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి, 1 అని ఉన్న అసలు లెన్స్ వాడి, రెండో వరుసలో ఒకరి ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ అక్కడే నిలుస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, అది వెనక వరుసను మసక చేస్తుంది.

హాల్లో ఉన్న లైట్ల సంగతి కూడా చూడాలి. వేదిక మీద తిరిగే ఎరుపు, నీలం లైట్లు ముఖం మీద పడితే ఆ రంగు తర్వాత తీసేయడం ఎవరి వల్లా కాదు. సౌండ్, లైటింగ్ తమ్ముడితో పొద్దున్నే మాట్లాడి పెట్టుకోండి, టీ ఇప్పించండి, ఫొటో సమయానికి పది నిమిషాలు ఆపుతాడు. పచ్చ బల్బులు, తెల్ల ట్యూబ్‌లైట్లు కలిసి ఉంటే ఒక రకాన్ని ఆపించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి, మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫొటోలో అడ్డంగా నల్ల పట్టీలు వస్తే షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు గానీ 100వ వంతుకు గానీ మార్చండి, పోతాయి. వెనక ఎల్ఈడీ తెర ఉంటే దాని మీద వీడియో ఆపించి, ఒక నిలకడైన బొమ్మ పెట్టించి, వెలుగు బాగా తగ్గించమనండి. ఫ్లెక్సీ అయితే ఆఖరి వరుస దానికి ఐదారు అడుగులు ముందుకు జరగాలి. లేకుంటే ఫ్లాష్ దాని మీద తెల్లగా మెరుస్తుంది, తలల నీడలు దాని మీద పడతాయి.

అపర్చర్ గురించి ఒక్క మాట. యూట్యూబ్‌లో చూసి ఎఫ్ 1.8 పెట్టి తీసేవాళ్లున్నారు. మనం చెప్పుకున్న దూరాల్లో, 35 ఎంఎం లెన్స్ మీద ఎఫ్ 5.6 పెడితే నాలుగు వరుసలూ నిక్కచ్చిగా వస్తాయి. వెలుగు చాలినంత ఉంటే ఎఫ్ 8. ఫోకస్ రెండో వరుస మీద. అంతే, దాని గురించి ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు మన ఒంటి రంగు గురించి మాట్లాడుకుందాం. దీన్ని ఎవరూ సభలో మాట్లాడరు, అందుకే మేము మాట్లాడతాం.

"అన్నా, ఫొటోలో నల్లగా పడ్డాను, కొంచెం తెల్లగా చేయి" అని మాకు మెసేజ్ వస్తుంటుంది. తప్పు ఆ చెల్లెలిది కాదు. కెమెరా కొలిచే పద్ధతి తెలుసుకోండి. ముందున్న దృశ్యం మొత్తం కలిపి మధ్యరకం బూడిద రంగు అంత వెలుగులో ఉండాలని అది లెక్క వేస్తుంది. మన పెద్దల తెల్ల తలపాగాలు, తెల్ల ధోవతులు, వెనక తెల్ల ఫ్లెక్సీ చూసి "అబ్బో వెలుగు ఎక్కువైంది" అనుకొని తగ్గిస్తుంది. తలపాగా బూడిద రంగులోకి, ముఖం చీకట్లోకి పోతాయి. అందుకే ఆటోమేటిక్‌ను నమ్మొద్దు. ముఖం మీద వెలుగు ఎంతుందో చూసి, చేత్తో సరిచేసి, అది మార్చకుండా అన్ని ఫొటోలూ తీయాలి. తలపాగా మడతలు కనిపిస్తూ, ముఖంలో గీతలు కూడా కనిపించాలి. రెండూ ఒక ఫొటోలో పడతాయి, వెలుగు సమంగా ఉంటే.

ఫిల్ము కాలంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది, మొదటి బొమ్మలోని ఆమె పేరు మీద వాటిని షర్లీ కార్డులు అనేవాళ్లు. ఆ ఒంటి రంగు బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టే లెక్క. నల్లవాళ్లు, గోధుమ రంగువాళ్లు కూడా ఉన్న కార్డులు రావడానికి 1990లు దాకా పట్టింది. ఇప్పుడు ఆ ఫిల్మూ లేదు, ఆ కార్డూ లేదు. కానీ ఫోన్లలో బ్యూటీ అని ఒక మీట ఉంది. అది అడగకుండానే చర్మం నునుపు చేస్తుంది, తెలుపు చేస్తుంది. అవ్వ నుదుటి మీద పచ్చబొట్టును మరక అనుకొని మసక చేసినా చేస్తుంది. మన బృందంలో ఎవరు ఫొటో తీసినా ముందు ఆ మీట ఆపేయాలి. ఇది మా పట్టుదల, దీని మీద వాదన వద్దు. చీకట్లో పడ్డ ముఖాన్ని వెలుగులోకి తేవడం వేరు, రంగు మార్చడం వేరు.

నల్లటి చర్మానికి మెత్తటి పెద్ద వెలుగు బాగుంటుంది. ఉత్త ఫ్లాష్ కొడితే చెమట పట్టిన నుదురు మీద తెల్లటి చుక్క మెరుస్తుంది. ఎండాకాలం సభ అయితే ఒక తువ్వాలు తిప్పండి, ముఖం తుడుచుకోమనండి. మంత్రి గారికైనా, మనవాళ్లకైనా అదే తువ్వాలు ఇవ్వొద్దు లెండి, నాప్కిన్లు తెచ్చుకోండి.

మన వేషాలతో, వాద్యాలతో కూడిన గ్రూపుకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. స్టూడియో పుస్తకాల్లో ఇవి దొరకవు. గుస్సాడి నెమలి ఈకల కిరీటం పెద్దది. అది ముందు వరుసలో ఉంటే వెనక ముగ్గురు మాయమవుతారు. వెనక వరుస మధ్యలో ఉంటే మొత్తం ఫొటోకే కిరీటం పెట్టినట్టుంటుంది. కోయల కొమ్ముల తలపాగా అడ్డంగా చోటు తీసుకుంటుంది, పక్కవారి కంటికి కొమ్ము తగిలే ప్రమాదం ఉంది. వాళ్లకు ఇద్దరి చోటు వదిలి రెండు చివరల్లో గానీ, వెనక గానీ నిలబెట్టండి. డోలు ఛాతీకి అడ్డంగా కాకుండా పక్కకు దింపితే మనిషీ కనిపిస్తాడు, డోలూ కనిపిస్తుంది. పెప్రె, కిక్రి లాంటివి నిలువుగా పట్టుకోమనండి.

బంజారా అక్కచెల్లెళ్ల దుస్తుల మీద అద్దాలుంటాయి. అద్దం వెలుగును వచ్చిన కోణంలోనే అవతలికి తిప్పి కొడుతుంది. కెమెరా మీదున్న ఫ్లాష్ కొడితే నేరుగా లెన్స్‌లోకే వచ్చి ఫొటో నిండా తెల్ల మచ్చలు పడతాయి. లైటు ఎత్తులో, కెమెరాకు దూరంగా ఉంటే చాలా అద్దాలు వేరే దిక్కుకు కొడతాయి. అక్కడక్కడ నాలుగు తళుకులు పడితే పడనివ్వండి, అద్దాలు కుట్టుకున్నదే మెరవడానికి. కళ్లజోళ్లదీ ఇదే కథ. తాతల కళ్లజోడు కాడలను చెవుల మీద కొంచెం పైకెత్తితే అద్దం కిందికి వంగి మెరుపు పోతుంది. మీరే చేయి పెట్టి జరపకండి, వాళ్లకు చెప్పండి, వాళ్లే జరుపుకుంటారు.

దండారి దీక్షలో ఉన్న గుస్సాడి మనకు దేవుడితో సమానం. సభ కోసం వేషం వేసుకున్న కళాకారుడిని "ఇటు జరుగు అన్నా" అనొచ్చు. దీక్షలో ఉన్నవారిని అలా అనకూడదు. ఏది ఫొటో తీయొచ్చో, ఏది తీయకూడదో దేవారిని, పటేల్‌ను ముందే అడగండి. వద్దన్నారంటే వద్దు. కెమెరా ఉంది కదా అని అన్నీ మనవి కావు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నది లైటు కన్నా కష్టమైన సంగతి. ముఖ్య అతిథి మధ్యలో, ఆయన పక్కన అధికారులు, వాళ్ల పక్కన సంఘం బాధ్యులు, ఆ తర్వాత చోటు మిగిలితే పెద్దలు, ఇది నడుస్తున్న పద్ధతి. మేము ఒప్పుకోం. మధ్యలో మన పెద్దలు కూర్చోవాలి, ఆడవాళ్లలో పెద్దవాళ్లు కూడా. అతిథి వాళ్ల పక్కన కూర్చుంటాడు. గౌరవానికి లోటు లేదు, ఎదురు చెప్పిన అతిథి మాకింతవరకు తగల్లేదు కూడా. ఆడపిల్లలు సిగ్గుపడి చివర్లకు, వెనక్కి పోతారు. చివర్లలో వెలుగూ తక్కువే, ఫోకసూ తక్కువే, పేపరు వాళ్లు కత్తిరించేదీ అక్కడే. కాబట్టి పేరు పిలిచి లోపలికి తేండి. వంట చేసినవాళ్లను, కుర్చీలు మోసినవాళ్లను కూడా పిలవండి.

ఇదంతా జనం వచ్చాక మొదలుపెడితే గంట పడుతుంది, ఎవరూ నిలబడరు. ఒక గంట ముందే కుర్చీలు, బల్లలు వేసి, నేల మీద టేపు అంటించి, ఇద్దరు స్నేహితులను ఒకరిని ముందు, ఒకరిని వెనక నిలబెట్టి వెలుగు సరిచూసుకోండి. ఇద్దరి ముఖాలూ ఒకేలా ఉంటే అప్పుడు జనాన్ని పిలవండి. వెనక వరుస ముందు ఎక్కాలి, పెద్దలు ఆఖరున కూర్చోవాలి. ముందే కూర్చోబెట్టి పావుగంట ఎదురుచూపించడం మర్యాద కాదు. మైకులో ఒకరు గోండిలో, కోయలో, తెలుగులో చెప్పాలి. తీసేవాడు అరవకూడదు.

కళ్లు మూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆస్ట్రేలియాలో ఇద్దరు దీని మీద లెక్క కట్టి 2006లో ఇగ్నోబెల్ బహుమతి తెచ్చుకున్నారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది అది. ఇరవై మంది లోపు గ్రూపుకు వెలుగు బాగుంటే ఎంతమంది ఉన్నారో దాన్ని మూడుతో, వెలుగు బాగాలేకుంటే రెండుతో భాగించి అన్ని ఫొటోలు తీయాలట. పద్దెనిమిది మంది ఉంటే ఆరు గానీ తొమ్మిది గానీ. అరవై మందికి ఆ లెక్క పనిచేయదు, ఎవరో ఒకరు మూస్తూనే ఉంటారు. అందుకే "అందరూ కళ్లు మూసుకోండి, మూడు అనగానే తెరవండి" అని చెప్పి, తెరిచిన క్షణంలో నొక్కాలి. ట్రైపాడ్ కదపకుండా పది పన్నెండు తీయాలి. తర్వాత ఒక ఫొటోలో కళ్లు మూసినవారి ముఖం ఇంకో ఫొటో నుంచి తెచ్చి అతికించొచ్చు, అదే నిమిషంలో, అదే చోట తీసినది కాబట్టి అందులో అబద్ధం లేదు. రానివాళ్లను తెచ్చి అతికించడం మాత్రం వద్దు. ఇంకో మాట, అందరినీ నవ్వమని బలవంతపెట్టకండి. మా తాతలు కొందరు ఫొటోకు నవ్వరు. అది వాళ్ల తీరు.

ఫొటో అయ్యాక ఎవరినీ కదలనివ్వకుండా ఇంకో రెండు నిమిషాలు ఆపండి. ఒకరు ఫోన్‌లో వీడియో పెట్టి ఎడమ నుంచి కుడికి, వరుస వరుసకు నడుస్తూ పోవాలి. ప్రతివాళ్లూ తమ పేరు, ఇంటిపేరు, ఊరు, చేతిలో వాద్యం ఉంటే దాని పేరు చెప్పాలి. ఊరు తప్పనిసరి. ఒకే సభలో ఆత్రం, కుమ్ర, సిడాం, మెస్రం ఇంటిపేర్ల వాళ్లు ఎందరో వస్తారు, వాళ్లలో పేరు కూడా ఒకటే ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. పేరు చెప్పడం ఇష్టం లేనివారిని బలవంతం చేయొద్దు. ఆ రాత్రే ఆ వీడియో విని పేర్లు రాసేయండి. రేపు అంటే వారం, వారం అంటే ఎప్పటికీ లేదు. ఫొటో పేరులో తేదీ, ఊరు, సందర్భం ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు కాపీ రెండు వేరు వేరు డిస్కుల్లో, రెండు వేరు ఊళ్లలో ఉండాలి. ఒక పెద్ద ప్రింటు, వెనక పేర్ల కాగితంతో, ప్రతి ఊరి పటేల్ ఇంట్లో గానీ బడిలో గానీ ఉంటే బాగుంటుందని మా కోరిక. సంఘం నిధుల్లోంచి దానికి కొంత తీయమని ఈ వేదిక మీదున్న పెద్దలనే అడుగుతున్నాం.

గంట దాటింది, భోజనాల వాసన వస్తోంది. తినకముందే, ఈ హాల్లోనే ఈ శిబిరం గ్రూప్ ఫొటో తీస్తాం. కిటికీలు తూర్పు గోడకున్నాయి కాబట్టి అందరూ అటు తిరిగి నిలబడాలి, ఫ్లెక్సీని ఇద్దరు ఇవతలికి తెచ్చి కట్టండి. బల్లలు మోయడానికి నలుగురు తమ్ముళ్లు కావాలి. డోలు, పెప్రె తెచ్చినవాళ్లు వాటితోనే రండి. వంటశాలలో ఉన్న అక్కలను ఎవరైనా వెళ్లి పిలవండి. ఇందాక నవ్విన తమ్ముడు పేర్ల వీడియో తీస్తాడు. గోండి, కోయ రెండూ మాట్లాడగల చెల్లెలు ఎవరైనా ఉంటే మైకు దగ్గరికి రండి.